పండక్కి పిల్లలూ పెద్దలూ కలిసి డీ అండ్ డీ ఆడాలంటే ఎలాగండీ?

రాజోలు కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. సంక్రాంతికి మా ఇల్లు నిండిపోద్ది, అక్క పిల్లల్లో చిన్నదానికి ఆరేళ్లు, పెద్దోడికి పదమూడు, బాబాయి కొడుకు ఇంటర్, పైగా తాతయ్య కూడా నేనూ కూచుంటాన్రా అంటున్నాడు. ఆడేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఓ పాత్ర తీసుకుని డైస్ వేసుకుంటూ కథ నడిపించే ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్, డీఎం, అంటే కథ చెప్పి ఆట నడిపేది నేనే. హాస్టల్లో ఫ్రెండ్స్‌కి ఆడించిన అలవాటుంది గానీ మొన్న ఈ బ్యాచ్‌తో ట్రయల్ వేస్తే చిన్నది మధ్యలో లేచి కోడిపిల్లల దగ్గరికి పోయింది, ఇంటర్ వాడు అందరి టర్నూ తనే ఆడేస్తున్నాడు, తాతయ్యకి క్యారెక్టర్ షీట్ (పాత్ర అంకెలన్నీ రాసుండే కాగితం) చూస్తేనే చిరాకు. రూల్స్ తీసేసి ఉత్త కథలా నడిపించెయ్యమంటారా, లేకపోతే చిన్నోళ్లని విడిగా కూచోబెట్టాలా? స్టార్టర్ సెట్ డబ్బా మీద 12 ఏళ్లు పైన అనుంది మరి.

అమలాపురం అక్క:
విడగొట్టకు తమ్ముడూ, పండగపూట ఏడుపులొస్తాయి. రూల్స్ ఉంచు, లెక్కలు మాత్రం పిల్ల మీద పడనివ్వకు. దానికి ఫైటర్ (కొట్లాడే పాత్ర) ఇయ్యి. మొదటి లెవెల్ ఫైటర్‌కి బలం 16 ఉంటే కొట్టడానికి +5, ఎదురొచ్చే గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడి ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 15, అంటే ఇరవై ముఖాల డైస్ మీద 10 గానీ ఆ పైన గానీ పడితే తగిలినట్టే. ఆ కూడిక నువ్వు ముందే చేసేసుకుని "పది పడినా చాలమ్మా" అని చెప్తే అయిపోద్ది, ఆరేళ్ల పిల్లకి ఏది పెద్ద అంకో తెలుసుగా. హిట్ పాయింట్లు (పాత్రకున్న ప్రాణం లెక్క) 12 అయితే పన్నెండు చింతపిక్కలు గిన్నెలో పోసియ్యి, దెబ్బ తగిలినప్పుడల్లా తనే తీసి నీ చేతిలో పెట్టాలి. మా మేనకోడలైతే గిన్నంతా కెలికి అన్నిటికంటే చిన్న పిక్క ఏరి మరీ ఇచ్చేది, అదీ మనసొప్పక.

అసలు నీ పిల్ల లేచిపోయింది ఆట అర్థంకాక అనుకోను నేను, టర్ను రాక. మిగతా ముగ్గురూ తలా మూడు నిమిషాలు నానిస్తే ఆ తొమ్మిది నిమిషాలూ అదేం చెయ్యాలి చెప్పు? పెద్దోళ్లకి పది లెక్కపెట్టు, ఈలోపు ఏం చేస్తారో చెప్పకపోతే డాడ్జ్ (దెబ్బ తప్పించుకోడం) చేసినట్టు రాసేసుకుని ముందుకెళ్లిపో. రెండుసార్లు అలా జరిగిందంటే మూడోసారికి ముందే ఆలోచించుకుని కూచుంటారు.

పాలకొల్లు బ్యాచ్:
ఆ ఇంటర్ వాడికి మందు రూల్స్‌లోనే ఉంది బ్రో. పక్కోళ్లకి సలహా చెప్పాలంటే హెల్ప్ యాక్షన్ తీసుకోవాలి అని పెట్టు. అంటే వాడి టర్ను అక్కడితో ఖర్చు, చిన్నదానికి అడ్వాంటేజ్ వచ్చి ఇరవై ముఖాల డైస్ రెండుసార్లు వేసి పెద్దది తీసుకుంటది. అక్క చెప్పిన లెక్కలో తగిలే ఛాన్స్ 55 శాతం, అడ్వాంటేజ్‌తో దగ్గరదగ్గర 80. సలహా ఊరికే రాదని తెలిస్తే సగం సలహాలు ఆగిపోతాయి, మిగిలిన సగం నిజంగా పనికొస్తాయి 😄

రాజోలు కుర్రాడు:
ఇది సూపరండి. మరి తాతయ్య సంగతి? పైగా ఆ ఇరవై ముఖాల డైస్ మా వైపు ఏ కొట్లోనూ లేదు, ఆన్‌లైన్‌లో పెడితే పండగ వెళ్లాక వచ్చేలా ఉంది.

ముమ్మిడివరం మాస్టారు:
బాబూ, ఆయనకి షీటెందుకు? కథని మన లంకలోకి తెచ్చి ఆయన్ని పంటు (ఏరు దాటించే పడవ) నడిపే సరంగుని చెయ్యండి. శ్రావణమాసం, గోదారి పొంగుతోంది, దొంగల్ని పట్టుకుని గోదారి పాయ వైనతేయ దాటాలి. ఏ రేవులో ఆగాలి, సుడి ఎక్కడుంటది అని మీరే ఆయన్నడగండి, ఆయన చెప్పింది ఆటలో నిజమైపోవాలి, డైస్ అక్కర్లేదు. ఇంక టైము తెలియడానికి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరిచ్చే వరద హెచ్చరికలు వాడండి. 10 లక్షల క్యూసెక్కులకి మొదటిది, 13కి రెండోది, 17కి మూడోది. మూడోది వచ్చేలోపు ఏటిగట్టు ఎక్కకపోతే పంటు పోయినట్టే. మన ఇళ్లల్లో దీన్ని ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు కదండీ.

డైస్ లేకపోతే 1 నుంచి 20 దాకా చీటీలు రాసి చెంబులో వెయ్యండి. తీసిన చీటీ మళ్లీ చెంబులో వేసి కలపాలి, అది మర్చిపోవద్దు, లేదంటే పెద్ద అంకెలన్నీ ముందే అయిపోతే తర్వాతోడి పని అవుటే.

రాజోలు కుర్రాడు:
ఆయ్, తాతయ్య ఎగిరి గంతేస్తాడు. ఆఖరిగా ఒకటండి, చిన్నదాని పిక్కలన్నీ అయిపోతే? చచ్చిపోయావు అంటే ఇల్లు పీకి పందిరేస్తది.

అమలాపురం అక్క:
దానికి చావు లేదని ముందే చెప్పెయ్.

పాలకొల్లు బ్యాచ్:
అక్కా అది కరెక్ట్ కాదేమో, పదమూడేళ్లోడు వెంటనే పట్టేస్తాడు, దానికో రూలు నాకో రూలా అని. ఐదో ఎడిషన్‌లో మామూలుగా సున్నాకొస్తే స్పృహ తప్పుద్దంతే, తర్వాత డెత్ సేవులు, అంటే బతుకుతారో లేదో డైస్ వేసి తేల్చడం. ఆ సేవుల బదులు అందరికీ ఒకటే పెట్టు: సున్నాకొచ్చినోళ్లు ఏట్లో కొట్టుకుపోయి అవతల లంకలో తేలతారు, చేతిలో ఉన్న సామాను గోదారి పాలు, తర్వాతి సీన్‌లో మిగతావాళ్లు వెతుక్కుంటూ రావాలి.

అమలాపురం అక్క:
సరే, అది బాగుంది, అందరికీ ఒకటే అయితే గొడవుండదు. విజార్డ్ (మంత్రగాడి పాత్ర) మాత్రం ఆ ఇంటర్ వాడికే ఇయ్యి తమ్ముడూ, స్పెల్స్ చదువుకోడానికే సరిపోద్ది, కాసేపైనా నోరు మూసుకుంటాడు.