మొలాసిస్‌కు గేర్ పంపా, మోనో పంపా?

దాణా_ధర్మాబాద్:
అన్నలకు నమస్కారం. నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో మా అన్నదమ్ములది చిన్న పశువుల దాణా ఫ్యాక్టరీ. చక్కెర ఫ్యాక్టరీ నుంచి ట్యాంకరులో వచ్చిన మొలాసిస్‌ను (చక్కెర తీశాక మిగిలే చిక్కటి పాకం) నేల తొట్టిలో దింపుకుని, పంపుతో మిక్సరుకు ఎక్కిస్తాం. గంటకు 5 టన్నులు వస్తే చాలు. చలి మొదలైనప్పటి నుంచి మా గేర్ పంపు (పళ్ల చక్రాలు తిరిగి సరుకును తోసేది) పొద్దుటిపూట మొరాయిస్తోంది. మోటారు తిరుగుతుంది, లోపల గులకరాళ్లు పడ్డట్టు చప్పుడు, సరుకు మాత్రం రాదు. మధ్యాహ్నం అయ్యేసరికి అదే పంపు బుద్ధిగా పనిచేస్తుంది. డీలరు మోనో పంపు పెట్టుకోమంటున్నాడు, ధర రెట్టింపు పైనే. మా పెద్దన్న మాత్రం గేర్ పంపే ఇంకాస్త పెద్దది కొందామంటున్నారు. తొట్టిలో సరుకు మట్టం నుంచి పంపుకు రెండున్నర మీటర్ల ఎత్తు. సక్షన్ పైపు (తొట్టి నుంచి పంపుకు లాగేది) 3 అంగుళాలు, పొడవు 6 మీటర్లు. ఎవరి మాట వినాలి?

లేత్_దెగ్లూర్:
పెద్దన్న మాటే వినండి. చిక్కటి ద్రవానికి గేర్ పంపు పుట్టిల్లు లాంటిది. నీళ్లయితే పళ్ల సందుల్లోంచి వెనక్కి జారిపోతాయి. మొలాసిస్ జారదు, అందుకే ఎంత చిక్కగా ఉంటే అంత నిండుగా తోస్తుంది. బుష్ అరిగితే నా లేత్ మీద పూట తిరక్కుండా కొత్తది చేసి ఇస్తాను. మోనో పంపులో స్టేటరు అనే రబ్బరు గొట్టం పోతే నేనేం చేయగలను? కంపెనీ నుంచి వచ్చే దాకా మీ మిక్సరు ఖాళీగా కూర్చోవాలి. తమ్ముడూ, పంపు కొనే ముందు దాన్ని బాగుచేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడో చూసుకోవాలి.

ఫిట్టర్_బిలోలి:
దెగ్లూర్ అన్నా, మీ లేత్‌కు పని దొరుకుతుందని గేర్ పంపు అంటగట్టకండి. మీరు చెప్పింది శుభ్రమైన నూనెకు సరిపోతుంది. ఆ తొట్టిలో శుభ్రత ఎక్కడిది? మా దగ్గర స్ట్రెయినరు (వడకట్టే జాలీ) విప్పితే చక్కెర పలుకులు, గోనె పీచు, తుప్పు పెచ్చులు, ఒకసారి వెల్డింగ్ రాడ్డు ముక్క కూడా వచ్చాయి. గేర్ పంపులో ఇనుముకు ఇనుము రాసుకునేంత దగ్గరగా తిరుగుతుంది. పలుకు పడితే పన్ను, బుష్, కేసింగు అన్నీ గీసుకుపోతాయి. మోనోలో మెలిక తిరిగిన స్టీలు రోటరు రబ్బరు గొట్టంలో తిరుగుతుంది కాబట్టి పలుకును రబ్బరు సర్దుకుని ముందుకు పంపేస్తుంది. ఫ్రాన్సులో రెనే మ్వానో 1930లలో కనిపెట్టిన ఈ తరహా పంపుతోనే ఇవాళ మురుగు బురదను కూడా తోడుతున్నారు. పైగా సక్షన్ గట్టిగా లాగుతుంది.

కొత్తసభ్యుడు_కిన్వట్:
మా మామయ్య దగ్గర మామూలు సెంట్రిఫ్యూగల్ పంపుతోనే మొలాసిస్ లాగుతున్నారు. ఇంత ఖర్చు దేనికి?

ఫిట్టర్_బిలోలి:
వేడిగా, పలచగా ఉన్నప్పుడు లాగుతుంది. చల్లబడితే ఇంపెల్లరు (లోపలి రెక్కల చక్రం) అక్కడక్కడే గిరగిరా తిరుగుతుంది, కరెంటు బిల్లు తప్ప ఏమీ రాదు. చిక్కదనాన్ని కొలిచే సెంటీపాయిజ్ లెక్కలో నీళ్లు 1, చల్లటి మొలాసిస్ వేలల్లో ఉంటుంది. నాలుగైదు వందలు దాటితే ఆ పంపును మరిచిపోవడం మంచిది.

మెయింటెనెన్స్_రాయగడ:
నేను ఒడిశా వైపు రాయగడలో పనిచేస్తాను, మాకు స్టార్చి గంజితో ఇదే గొడవ. ఇద్దరూ పంపు గురించి కొట్లాడుకుంటున్నారు కానీ జబ్బు పంపులో లేదు. మధ్యాహ్నానికి దానంతటదే బాగవుతోందని ఆయన రాశారు కదా. అరిగిన పళ్లు ఎండ తగిలితే మళ్లీ మొలుస్తాయా?

లెక్క వేద్దాం. గంటకు 5 టన్నులంటే, మొలాసిస్ సాంద్రత నీటికి 1.4 రెట్లు కాబట్టి, సెకనుకు సుమారు ఒక లీటరు. పొద్దున చిక్కదనం 10,000 సెంటీపాయిజ్ అనుకుందాం. 3 అంగుళాల పైపులో 6 మీటర్లు లాగడానికే 0.65 బార్ ఒత్తిడి పోతుంది. రెండున్నర మీటర్లు పైకి ఎత్తడానికి ఇంకో 0.34. మొత్తం దాదాపు 1 బార్. సరుకును పంపులోకి నెట్టేది బయటి గాలి ఒత్తిడి. అది సముద్ర మట్టంలోనే సుమారు 1 బార్, ధర్మాబాద్‌లో ఇంకాస్త తక్కువ. అంటే పంపు ఎంత మంచిదైనా నెట్టేవాడి దగ్గరే బలం లేదు. బిలోలి ఫిట్టరు గారూ, మోనో గట్టిగా లాగుతుందన్న మాట కూడా ఇక్కడ చెల్లదు. లేని ఒత్తిడిని ఏ పంపూ పుట్టించలేదు.

అదే 4 అంగుళాల పైపు వేస్తే 0.65 కాస్తా 0.22కు దిగుతుంది, ఎందుకంటే ఈ నష్టం పైపు వ్యాసం నాలుగో ఘాతంతో తగ్గుతుంది. ఇక పెద్దన్న గారి "పెద్ద పంపు" సంగతి: అదే వేగంతో తిప్పితే అది ఎక్కువ సరుకు అడుగుతుంది, సక్షన్ ఇంకా ఎండిపోతుంది, చప్పుడు ఇంకా పెరుగుతుంది. పెద్దది కొని గేర్‌బాక్సుతో నిమిషానికి వంద చుట్ల దరిదాపుల్లో మెల్లగా తిప్పితే మాత్రం ఆయన మాట నిజమే.

లేత్_దెగ్లూర్:
లెక్క బాగుంది సార్, ఒప్పుకుంటాను. మరి తొట్టిలోకి ఆవిరి పైపు పెట్టి వేడి చేస్తే పైపు కూడా మార్చనక్కర్లేదు కదా? మా వైపు చాలామంది చేస్తారు.

మెయింటెనెన్స్_రాయగడ:
నేరుగా ఆవిరి వదలకండి. నీళ్లు కలిసి బ్రిక్స్ (చక్కెర గాఢత) పడిపోతే మొలాసిస్ పులుస్తుంది, నురగ పొంగుతుంది. ఆవిరి తగిలిన చోట మాడుతుంది కూడా. వేడినీళ్ల కాయిలు పెట్టండి, తొట్టి మొత్తానికి కాదు, సక్షన్ మూతి చుట్టూ చాలు. సరుకు 40 డిగ్రీల దగ్గర ఆగాలి.

ఫిట్టర్_బిలోలి:
వేడికి పది డిగ్రీలు తేడా వస్తే చిక్కదనం రెండు మూడింతలు మారుతుంది, అది నిజమే. కానీ పలుకుల సంగతి ఎవరూ మాట్లాడరేం? 4 అంగుళాల పైపు వేస్తే పలుకులు ఇంకా హాయిగా వచ్చి గేర్లలో పడతాయి. సన్న జాలీ పెడితే సక్షన్ మళ్లీ బిగుసుకుంటుంది.

లేత్_దెగ్లూర్:
మోనో ఖాళీగా తిరిగితే నిమిషాల్లో రబ్బరు మాడుతుందని కూడా చెప్పండి మరి. తొట్టి ఖాళీ అయ్యేసరికి ఆపరేటరు టీకి వెళ్లి ఉంటాడు. మన దగ్గర ఇది జరగని ఫ్యాక్టరీ ఉందా?

ఫిట్టర్_బిలోలి:
స్టేటరుకు వేడి సెన్సారు పెడితే మోటారు ఆగిపోతుంది. మోనో కొన్నవాడు దాని దగ్గర పిసినారితనం చేయకూడదు. రెండిట్లో ఏది కొన్నా డెలివరీ వైపు రిలీఫ్ వాల్వు (ఒత్తిడి మించితే తెరుచుకునేది) తప్పనిసరి. ఇవి సెంట్రిఫ్యూగల్ లాంటివి కావు, వాల్వు మూసి నడిపితే ఒత్తిడి పెరుగుతూనే పోతుంది. మా దగ్గర ఫ్లాంజి ప్యాకింగు చీలి గోడంతా మొలాసిస్ చిమ్మింది. వారం పాటు చీమలకు పండుగ.

దాణా_ధర్మాబాద్:
అందరికీ ధన్యవాదాలు. పంపును తొట్టి పక్కన గుంతలో దింపితే ఎత్తు బాధ పోతుంది కదా అనుకున్నాను, కానీ వానాకాలం ఆ గుంతలో నీళ్లు ఊరతాయి. ఇంకో ఆలోచన వచ్చింది. ట్యాంకరు వచ్చేటప్పుడు సరుకు ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. అప్పుడే నేరుగా ఎత్తు మీది ట్యాంకుకు ఎక్కించేస్తే?

మెయింటెనెన్స్_రాయగడ:
చాలా మంచిది. మిక్సరుకు వెళ్లే పైపు మాత్రం లావుగా, పొట్టిగా ఉంచండి. రాత్రి చల్లబడితే అక్కడ కూడా ఇదే కథ. డీలరు దగ్గరకు వెళ్లినప్పుడు గంటకు ఎన్ని టన్నులు అని మాత్రమే చెప్పకండి. జనవరి తెల్లవారుజామున మీ సరుకు చిక్కదనం ఎంతో చెప్పి, దానికి సరిపడా మోటారు అడగండి.

దాణా_ధర్మాబాద్:
ముందు 4 అంగుళాల పైపు ధర కనుక్కుంటాను, పంపు సంగతి సంక్రాంతి తర్వాత. పెద్దన్న ఇదంతా చదివి, "చూశావా, గేరే అన్నారు" అని వెళ్లిపోయారు.

ఫిట్టర్_బిలోలి:
మీ పెద్దన్నకు రేపు ఆ స్ట్రెయినరు విప్పి చూపించండి.