తాతగారి హెచ్ఎంటీ జనతా రోజుకి పది నిమిషాలు స్లో, ఏం చేయాలి?

మా తాతగారి వాచీ బీరువాలో పంచె మడతలో దొరికింది, కీ ఇస్తే టక్కున నడిచింది కానీ రోజుకి పది నిమిషాలు వెనకపడుతోంది. మా ఊళ్ళో ఒకాయన చుక్క నూనె వేసి ఇచ్చాడు, రెండ్రోజులు బానే ఉంది, మళ్ళీ మామూలే. డయల్ కూడా పసుపెక్కింది, పెయింట్ వేయించేదా?

జవాబు: అయ్యో డయల్ ముట్టుకోకండి బాబూ, ఆ పసుపే దాని అందం, రీపెయింట్ చేసినవి చూస్తే నాకు ఏడుపొస్తుంది. ఇక నూనె సంగతి, లోపల పాత నూనె ఎండి జిగురులా అయ్యుంటుంది, దానిమీద కొత్తది వేస్తే ఆ మురికంతా ఇంకా పాకుతుంది అంతే. మొత్తం విప్పి, కడిగి, 17 జ్యువెల్స్‌లో (ఇరుసులు తిరిగే బుల్లి రాళ్ళు) కావాల్సిన వాటికి కొత్తగా నూనె పెట్టే మనిషిని వెతకండి. సర్వీసింగ్ ఎప్పుడు అయిందో వెనక మూత లోపలి వైపు చూడండి, పాతకాలం మెకానిక్‌లు సూదితో తేదీ గీకేవాళ్ళు.

జవాబు: కీ రోజూ పొద్దున్నే ఒకే టైముకి ఇవ్వండి, చేతికి ఉండగా కాదు, తీసి ఇవ్వండి, గట్టిగా తగలగానే ఆపేయండి. వానలో అస్సలు వద్దు. ఒకవేళ ఉన్నట్టుండి ఫాస్ట్ అయితే మాత్రం కంగారు పడకండి, ఫోన్ స్పీకర్ పక్కన పెట్టుంటారు, అయస్కాంతానికి హెయిర్ స్ప్రింగ్ (లోపల టైము నడిపించే సన్నటి చుట్ల స్ప్రింగ్) చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, డీమాగ్నెటైజ్ చేస్తే, అంటే ఆ అయస్కాంతం పోగొడితే, నిమిషంలో పని.

అడిగినవాణ్ణే: మూత తీయించా అన్నా, లోపల 12-3-84 అని గీకి ఉంది!