సెర్ట్రలిన్ వేసుకుంటూ పాపకు పాలివ్వొచ్చా?

ప్రశ్న:
పాపకు ఏడు వారాలు. ఖమ్మంలో పుట్టింట్లో ఉన్నాను. పాప పడుకున్నా నాకు నిద్ర పట్టదు, ఉయ్యాల పక్కన కూర్చుని ఊరికే ఏడుస్తాను. సైకియాట్రిస్టు డిప్రెషన్ తగ్గడానికి వాడే సెర్ట్రలిన్ 50 ఎంజీ మాత్ర రాశారు. ఆరు రోజులైంది, వికారం తప్ప తేడా లేదు. "మందు పాలలోకి దిగుతుంది, మానెయ్యవే" అంటోంది అమ్మ. మాత్ర మింగిన ప్రతిసారీ పాపకు అన్యాయం చేస్తున్నట్టుంది.

జవాబు:
చెల్లీ, బాబుకు పాలిస్తూ నేను అదే మందు పది నెలలు వాడాను. పాలలోకి చాలా తక్కువే వెళ్తుంది, అందుకే పాలిచ్చే తల్లులకు డాక్టర్లు ఎక్కువగా అదే రాస్తారు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాకు పద్దెనిమిదో రోజున పెరుగన్నం రుచి తెలిసింది, ఆ మధ్యాహ్నం ఇంకా గుర్తుంది. తిన్నాక వేసుకుంటే వికారం తగ్గింది. నీ అంతట నువ్వు ఆపకు. ఒకసారి ఆపేసి, నాలుగు రోజులు తల తిరిగి మంచం దిగలేకపోయాను. తర్వాత మా అత్తయ్యను డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లాను. ఆయన నోట విన్నాక, రాత్రి రెండింటికి బాబును ఆవిడే ఎత్తుకునేవారు.

ఇంకో జవాబు:
పిల్లల డాక్టరుకూ చెప్పండి. పాప మరీ మగతగా ఉన్నా, పాలు తాగకపోయినా చూపించండి. చనిపోవాలనో, పాపను ఏదైనా చేయాలనో ఆలోచన వస్తే, ఎవరివో మాటలు వినిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు అర్ధరాత్రయినా ఫోన్ చేయొచ్చు.

అడిగినావిడ:
అక్కా, ఈ పూట మాత్ర వేసుకున్నాను. సోమవారం అమ్మను వెంట తీసుకెళ్తున్నాను.