గులాబీ మొక్కలు కొరియర్‌లో తెప్పించుకోవాలా, కడియం వెళ్లి చూసి కొనుక్కోవాలా?

మేడతోట (హైదరాబాద్)

రాజమండ్రి దగ్గరి నర్సరీల ఊరు కడియం గురించి మొన్న ఇంకో చర్చలో ఒకరు రాశారు: "కడియంలో దొరికే గులాబీకి నాలుగింతలు పెట్టి కొరియర్‌లో తెప్పించుకోవడం డబ్బులు పారేసుకోవడమే" అని. నేను దీన్ని అస్సలు ఒప్పుకోను. అక్కడ చర్చ పక్కదారి పట్టింది కాబట్టి ఇక్కడ విడిగా మొదలుపెడుతున్నాను.

రోడ్డు పక్క నర్సరీలో "ఇది ఏ రకమండీ?" అని అడగండి. "డచ్ రోజ్" అంటారు, "కాశ్మీరీ" అంటారు, లేకపోతే "ఎర్ర హైబ్రిడ్" అంటారు. వీటిలో ఏదీ రకం పేరు కాదు. పేరు తెలియని మొక్కకు ఏం చేయాలో ఎవరిని అడుగుతాం? అదే కొరియర్‌లో పంపే నర్సరీ పేర్ల జాబితాలో "డబుల్ డిలైట్" అని ఉందనుకోండి. 1977 నాటి రకమని, మీగడ రంగు రెక్కలు ఎండ తగిలేకొద్దీ అంచుల నుంచి ఎర్రబడతాయని, వాసన గట్టిగా ఉంటుందని, బూడిద తెగులు మీద ఒక కన్నేసి ఉంచాలని కొనకముందే తెలుస్తుంది.

ఇంకో మాట. మన దేశంలోనే పుట్టిన రకాలున్నాయి. గోధుమ శాస్త్రవేత్తగా పేరుపడ్డ బి.పి. పాల్ గారు గులాబీలు కూడా తయారు చేశారు. ఆయన రకాలు, ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి వచ్చిన భీమ్, మృణాళిని, రక్తగంధ లాంటివి బండి మీద మొక్కలమ్మే వాళ్ల దగ్గర అడిగి చూడండి, దొరకవు. తల్లి మొక్కను కాపాడుకుంటూ, పేరు రాసిపెట్టి అంటు కట్టే నర్సరీలు దేశం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఊళ్లో ఉన్నవాళ్లు మాత్రమే కొంటే ఆ నర్సరీల వాళ్లు బతకలేరు. వాళ్లు మూసేస్తే ఆ రకాలూ పోతాయి.

గోదారిగట్టు

అన్నా, కడియం అంటే రోడ్డు పక్క బండి కాదు కదా. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి ఒక పూట తిరిగి చూసి అప్పుడు మాట్లాడండి. మాది ఆ పక్క ఊరే, చిన్నప్పటి నుంచి చూస్తున్నా.

గులాబీ కొనేటప్పుడు నేను చూసేది పువ్వును కాదు. మొక్కను పక్కకు వంచి అంటు కట్టిన చోటు చూస్తాను. అక్కడ ప్లాస్టిక్ టేపు ఇంకా బిగిసి ఉంటే కాండం నొక్కుకుపోయి ఉంటుంది, ఆ మొక్క ముందుముందు గాలికి అక్కడే విరుగుతుంది. బెరడు మీద గోరుతో కాస్త గీకితే లోపల పచ్చగా కనపడాలి. అంటు పైనుంచి కనీసం రెండు మూడు గట్టి కొమ్మలు వచ్చి ఉండాలి. సంచి అడుగున వేరు తెల్లగా తొంగిచూస్తుంటే ఇంకా మంచిది. ఇవన్నీ ఫొటోలో ఎలా చూస్తారు? ఫొటోలో నీలం గులాబీ కూడా ఉంటుంది!

పేరు లేదన్న మాట వాస్తవమే, కాదనను. కానీ ఇంట్లో పూజకి, జడలోకి రోజూ నాలుగు పువ్వులు కావాలనుకునే వాళ్లకి పేరుతో పనేముంది?

బెజవాడ పిన్ని

నీలం గులాబీ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, దయచేసి ఎవరూ ఆ గింజలు కొనకండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ "రంగురంగుల గులాబీ విత్తనాలు" అని తెప్పించింది. రెండాకులు వేసినవి గులాబీయే కాదు, ఏదో గడ్డి జాతి. ఇంద్రధనుస్సు రంగుల పువ్వు అసలు చెట్టుకు పూయదు. తెల్ల గులాబీ కాడను నిలువునా చీల్చి, ఒక్కో చీలికను ఒక్కో రంగు నీళ్లలో ముంచుతారు. జపాన్‌లో సన్‌టోరీ కంపెనీ ఏళ్ల తరబడి జన్యువులు మార్చి 2009లో "నీలం" అని అమ్మకానికి పెట్టిన గులాబీ కూడా చూడటానికి లేత ఊదాగానే ఉంటుంది.

ఇక కొరియర్ సంగతి. నేను ఒక నర్సరీకి మార్చిలో డబ్బు కడితే మొక్కలు మే నెలలో పంపారు. పెట్టె తెరిస్తే కొమ్మలు నల్లగా ఉన్నాయి. ఫోన్ చేస్తే "మా దగ్గర బయల్దేరేటప్పుడు బాగానే ఉన్నాయమ్మా" అన్నారు. ఇంక ఎవరితో పోట్లాడాలి? మేడతోట గారూ, రకాలు కాపాడటం మంచిదే. కానీ ఆ నష్టం కొనేవాళ్లే ఎందుకు మొయ్యాలి?

మేడతోట (హైదరాబాద్)

పిన్ని గారూ, మీరన్నది న్యాయం. మే నెలలో మొక్క పంపేది అసలు నర్సరీయే కాదు. చచ్చిన మొక్కకు మారు మొక్క ఇస్తామని ముందే రాతపూర్వకంగా చెప్పని చోట కొనకూడదు. ఇందులో నేను మీ పక్షమే.

గోదారిగట్టు తమ్ముడూ, కడియానికి వచ్చే గులాబీల్లో పూణే, బెంగళూరు వైపు నుంచి లారీల్లో దిగేవీ ఉంటాయి కదా? అప్పుడు అవీ ప్రయాణం చేసి వచ్చినవే. పెట్టెలో వచ్చాయా, లారీలో వచ్చాయా అన్నదే తేడా.

ఉద్యానం చదివినవాడు

ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. మీ గులాబీ ఏ వేరు మీద నిలబడి ఉంది?

మనం కొనే అంటు మొక్కలో పైది ఒకటి, కింద వేరు ఇంకోటి. బెంగాల్ వైపు నుంచి వచ్చేవాటికి ఎక్కువగా మల్టీఫ్లోరా అనే అడవి గులాబీ వేరు ఉంటుంది. త్వరగా పెరుగుతుంది, అంటు బాగా పడుతుంది. కానీ సున్నం ఎక్కువున్న నేలలు, ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు దానికి సరిపడవు. తెలంగాణలో చాలాచోట్ల ఉన్నవి అవే కదా. కొన్నాళ్లకు లేత ఆకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. జనం "కొరియర్ మొక్క కదా, అందుకే" అంటారు. కారణం కొరియర్ కాదు, ఇనుము అందకపోవడం. మామూలుగా అమ్మే, ఈడీటీఏ రూపంలో ఉన్న ఇనుము మందు ఆ నేలలో నిలవదు, ఈడీడీహెచ్ఏ రూపంలో ఉన్నది వేయాలి. బెంగళూరు, హోసూరు వైపు నటాల్ బ్రయర్ అనే వేరు వాడతారు. ఉత్తరాది మైదానాల్లో ఇండికా ఒడొరాటా అనే వేరు ఎక్కువ, క్షార నేలల్ని అది మల్టీఫ్లోరా కంటే బాగా తట్టుకుంటుంది.

మల్టీఫ్లోరాను పట్టుకోవడం తేలిక. అంటు కింది నుంచి పిలక వస్తే దాని ఆకు కాడ మొదలు చూడండి. కాడకు రెండు వైపులా సన్నటి కుచ్చులాగా, దువ్వెన పళ్లలాగా అంచు ఉంటుంది. మామూలు గులాబీకి ఆ కుచ్చు ఉండదు. ఆ పిలకను కత్తిరించొద్దు, మట్టి తీసి మొదలంటా లాగేయండి. వదిలేస్తే పైమొక్కను చంపేసి, గుత్తులుగా చిన్న తెల్లపూలు పూస్తుంది. అప్పుడు "నా ఎర్ర గులాబీ తెల్లగా మారింది" అని పోస్టు పెడతారు.

నా వాదన ఏంటంటే, "ఏ వేరు మీద కట్టారు?" అని అడిగితే జవాబు చెప్పగలిగే వాళ్ల దగ్గరే కొనాలి. నేను చూసినంతలో ఆ జవాబు ఎక్కువగా పేర్ల జాబితా పెట్టుకుని పార్సిల్ పంపే పాత నర్సరీల దగ్గరే ఉంది.

డాలస్ తోటమాలి

ఇక్కడా అదే కథ. అమెరికాలో అంటు గులాబీలకు ఎక్కువగా డాక్టర్ హ్యూయీ అనే గులాబీ రకం వేరు వాడతారు. చలికి పైమొక్క పోతే ఏడాదికోసారి ముదురు ఎరుపు పూలు పూసే తీగ మిగులుతుంది. అందుకే నేను కొమ్మ నుంచే వేరు తెప్పించిన మొక్కలు కొంటాను, మొదటి ఏడాది చిన్నగా ఉన్నా సరే. బెలిండాస్ డ్రీమ్ అనే రకం అలా వేసిందే, ఎండలకు కూడా ఆగకుండా పూస్తోంది.

చూసి కొంటే గ్యారంటీ అన్న మాట మాత్రం ఒప్పుకోను. రోజ్ రోజెట్ వైరస్‌ను కంటికి కనపడని నల్లి మోసుకొస్తుంది. దానికి మందు లేదు, మొక్క పీకేయడమే. డాలస్ చుట్టుపక్కల ఎన్నో గులాబీ మడులు అలా ఖాళీ అయ్యాయి. కొనేరోజు మొక్క నిగనిగలాడుతూనే ఉంటుంది.

ఇంకొకటి, ఇంటికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో గులాబీ కొమ్మలు తెమ్మని నన్ను చాలామంది అడుగుతారు. తేను. మన దేశంలోని 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం ముందుగా దిగుమతి పర్మిట్, మొక్కకు తెగుళ్లు లేవని ఇక్కడ ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ రెండూ ఉండాలి. ఒక్క కొమ్మతో ఏం పోతుందిలే అనుకోకండి.

గోదారిగట్టు

చదివినవాడు గారూ, వేరు సంగతి బాగా చెప్పారు. అడిగితే మా వైపు కూడా పెద్ద నర్సరీల వాళ్లు చెప్తారండీ. మరి మట్టి ముద్ద మాటేమిటి? పార్సిల్‌లో వచ్చే మొక్కకి జిగట మట్టి చుట్టి ఉంటుంది. దాన్ని కడిగేయమని ఒకరు, ముట్టుకోవద్దని ఒకరు చెప్తారు.

ఉద్యానం చదివినవాడు

నవంబర్ నుంచి జనవరి వరకు అయితే కడగొచ్చు. ముద్దను బకెట్ నీళ్లలో నానబెట్టి, చేత్తో లాగకుండా దానంతట అది కరిగేలా వదలాలి. ఆ జిగట ముద్దను అలాగే కొబ్బరిపొట్టు మిశ్రమంలో పెడితే చుట్టూ తడి ఉన్నా లోపల ఎండిపోతుంది, లేదా లోపల నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. ఫిబ్రవరి చివరి నుంచి మాత్రం కడగొద్దు, సన్న వేర్లు తెగితే ఎండకు తేరుకోదు. ముద్ద పై పొర మాత్రం తీసి, తోటమట్టి ఎక్కువున్న మిశ్రమంలో నాటండి.

మేడతోట (హైదరాబాద్)

పెట్టె తెరిచాక ఆకులు రాలితే భయపడొద్దని కూడా చేర్చండి. చీకట్లో నాలుగైదు రోజులు ఉన్న మొక్క ఆకులు రాలుస్తుంది. కొమ్మ పచ్చగా ఉంటే చాలు. నల్లబడిన కొన ఉంటే పచ్చటి భాగం దాకా కోసి, కోసిన చోట బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయాలి. వారం పది రోజులు నీడలో ఉంచి, కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు వేయకూడదు.

ఇంకొక విషయం చెప్పాలి. ఎం.ఎస్. వీరరాఘవన్ గారని, ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారి, ఉద్యోగం ముందుగానే వదిలేసి కొడైకెనాల్‌లో గులాబీలు సృష్టించారు. చలిదేశాల గులాబీల్ని తెచ్చి మన ఎండలో కష్టపెట్టడం ఎందుకని ఆయన మన అడవి గులాబీలనే తీసుకున్నారు. మణిపూర్ కొండల్లోని జైగాంటియా ఒకటి, తూర్పున నీటి ఒడ్డున పెరిగే క్లైనోఫిల్లా ఒకటి. వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ పేరు పెట్టిన రకం కూడా ఆయనదే. మన వాతావరణం కోసం మనవాడు చేసిన గులాబీ కావాలంటే పేర్ల జాబితా ఉన్న నర్సరీకి ఉత్తరమో ఫోనో తప్ప ఇంకో దారి లేదు. నేను కొరియర్ వైపు ఇంత గట్టిగా నిలబడటానికి అసలు కారణం ఇదే.

బెజవాడ పిన్ని

ఇది నాకు తెలియదు నాయనా. అలాంటి మొక్క అయితే ఒకటి తెప్పించుకుంటా. కానీ మారు మొక్క మాట రాసిచ్చాకే. పూజకి మాత్రం వేమగిరి వెళ్లే తెచ్చుకుంటా, ఇందులో నా మాట మారదు.

నల్గొండ కొత్త సభ్యురాలు

అన్నయ్యలూ, అంతా చదివాను. మాది పూర్తిగా బోరు నీళ్లే, బకెట్ మీద తెల్లగా సున్నం కడుతుంది. ఇప్పుడు ఫిబ్రవరి సగమైంది. ఆర్డర్ పెట్టొచ్చా?

ఉద్యానం చదివినవాడు

ఇప్పుడొద్దమ్మా. దసరా దాటాక పెట్టండి, నవంబర్‌లో మొక్క చేతికొచ్చేలా. మల్టీఫ్లోరా కాకుండా ఇండికా గానీ నటాల్ బ్రయర్ గానీ ఉందేమో అడగండి. ఈలోపు వాననీళ్లు పట్టుకునే డ్రమ్ము ఒకటి మేడ మీద పెట్టించుకోండి.