'జై గురుదేవ ఓం': దీర్ఘం ఉందా, లేదా?

అరసున్న:
మా హాస్టల్ బ్యాచ్ వాట్సాప్‌లో ఒక పందెం నడుస్తోంది. బ్రిటన్, ఐర్లండ్ రాక్, పాప్ పాటల్లో ఎవరి టాప్ పది వాళ్లు పెట్టాలి, ఒక్కో పాట పక్కన తెలుగులో ఒక్క లైను రాయాలి. తొమ్మిది అయిపోయాయి. మూడో స్థానంలో ఉన్న బీటిల్స్ 'అక్రాస్ ద యూనివర్స్' దగ్గర చిక్కుకున్నాను. అందులో జాన్ లెనన్ ఎలాగూ మన మాటే పాడాడు కదా, అదే రాసేద్దామనుకుంటే చెయ్యి ఆగింది. 'జై గురుదేవ ఓం' అనా, 'గురుదేవా' అనా? మా గది తలుపు వెనక ఎవరో సీనియర్ సుద్దముక్కతో ఈ లైను రాసి వెళ్లాడు. 'జై' అని రాశాడో 'జయ' అని రాశాడో గుర్తు లేదు. దీర్ఘం మాత్రం కళ్లకు కట్టినట్టుంది, దాని తోక గొళ్లెం దాకా సాగి ఉండేది. పెద్దలు తేల్చాలి.

శకటరేఫం:
ఇందులో తేల్చడానికేముంది? సంబోధన ప్రథమ. రామ, కృష్ణ, దేవ. హ్రస్వమే. దీర్ఘం తీసి పిలవడం తెలుగువాడి అలవాటు. జయదేవుడు 'జయ జగదీశ హరే' అన్నాడు గానీ 'జగదీశా' అనలేదు. 'జై' కూడా ఉత్తరాది అరుగుదలే. 'జయ' అంటే జి ధాతువుకు లోట్, మధ్యమ పురుష ఏకవచనం: 'నువ్వు జయించు' అని. మీ సీనియర్‌ది చెవి కాదు, నాలుక.

కాజా కాకినాడ:
మాస్టారూ, లెనన్ శబ్దమంజరి వల్లెవేసి స్టూడియోకి వెళ్లలేదు. బీటిల్స్‌కి ధ్యానం నేర్పిన మహర్షి మహేశ్ యోగి దగ్గరివాళ్లు ఒకరినొకరు పలకరించుకునే మాట 'జై గురుదేవ్'. హిందీ, చివర పొల్లు వకారం. ఆ గురుదేవ్ కూడా మహేశ్ యోగి కాదు, ఆయన గురువు. 1941 నుంచి 1953 దాకా జ్యోతిర్మఠం శంకరాచార్యులుగా ఉన్న బ్రహ్మానంద సరస్వతి. పొల్లు హల్లు మీద రాగం సాగదు కాబట్టి లెనన్ దానికో అచ్చు తగిలించాడు. అంటే అది సంస్కృతం 'దేవ' కాదు, హిందీ 'దేవ్'కి లివర్‌పూల్ తోక. దాని పొడవెంతో వ్యాకరణం చెప్పదు, చెవే చెప్పాలి.

డబ్లిన్ డప్పు:
అరసున్న అన్నా, మిగతా తొమ్మిదీ ఏంటో చెప్పకుండా మూడోదానికి ముహూర్తం పెట్టించుకుంటున్నావు. ఐర్లండ్ ఎక్కడ నీ లిస్టులో? ఒక్క యూటూ పెట్టేసి చేతులు దులుపుకున్నావేమో!

అరసున్న:
యూటూ 'వన్' ఉంది, ఆరో స్థానం. క్రాన్‌బెరీస్ 'జాంబీ' ఎనిమిది. వ్యాన్ మారిసన్‌ది బెల్‌ఫాస్ట్ కాబట్టి బ్రిటన్ కింద రాయాలా, ఐర్లండ్ కింద రాయాలా అని గ్రూపులో వేరే గొడవ ఉంది, అది ఇక్కడికి తేవద్దు.

లఘువు:
రిషికేశ్‌లో మహేశ్ యోగి ఆశ్రమానికి వెళ్లినప్పుడు గంగ ఒడ్డున కూర్చుని రాసిన పాట కదా. అక్కడ నేరుగా విన్న మంత్రం తప్పు పాడతాడా?

కాజా కాకినాడ:
అదే అందరూ చేసే పొరపాటు. పాట రికార్డింగ్ మొదలుపెట్టింది 1968 ఫిబ్రవరి 4న, లండన్‌లో. వాళ్లు రిషికేశ్ చేరింది ఆ నెల మధ్యలో. అప్పటికి మహేశ్ యోగితో పరిచయమై ఆరు నెలలే, 1967 ఆగస్టులో లండన్ ఉపన్యాసం నుంచి. కాబట్టి ఇది గంగ ఒడ్డు ఉచ్చారణ కాదు. ఇంకో తమాషా, ఆ రోజు పై స్థాయిలో గొంతు కావాల్సి వస్తే, స్టూడియో గేటు బయట కాచుకుని నిలబడ్డ అభిమానుల్లోంచి ఇద్దరమ్మాయిల్ని లోపలికి పిలిచి పాడించారు. అందులో ఒకమ్మాయి బ్రెజిల్ నుంచి వచ్చింది.

చెవిలో పువ్వు:
నేను వీణ నేర్పే మనిషిని. వ్యాకరణం మీకు వదిలేసి, రాత్రి పిల్లలు పడుకున్నాక హెడ్‌ఫోన్ పెట్టుకుని మూడు ప్రతులూ విన్నాను. మొదట వచ్చింది 1969 డిసెంబర్‌లో వన్యప్రాణుల నిధి కోసం వేసిన ఆల్బమ్‌లో, పక్షుల రెక్కల చప్పుడుతో మొదలవుతుంది. అందులో టేపు వేగం పెంచారు. గొంతు సన్నగా ఉంటుంది, 'దేవ' అని తుంచినట్టే వినిపిస్తుంది. 1970 మేలో 'లెట్ ఇట్ బీ' ఆల్బమ్‌లో వచ్చినదానికి నిర్మాత ఫిల్ స్పెక్టర్ టేపు నెమ్మది చేసి, వెనకాల వయొలిన్లూ బృందగానమూ పోశాడు. అక్కడ అదే అక్షరం 'దేవా'. 2003లో హంగులన్నీ తీసేసి వేసినదాంట్లో రెండూ కాదు, మధ్యస్తం. ఒకే టేపు బాబూ! హ్రస్వం దీర్ఘమైంది లెనన్ వల్ల కాదు, మోటారు వల్ల.

శకటరేఫం:
అమ్మా, మీరు చెప్పింది వింటే 'ఏకమాత్రో భవేద్ హ్రస్వః' అన్నవాడు టేపురికార్డర్ చూసి ఉంటే ఏమనేవాడో అనిపించింది. అయినా గానంలో సాగింది దీర్ఘం కాదు. త్యాగరాజస్వామి కీర్తనల్లో ఎన్ని హ్రస్వాలు ఆవర్తనం పొడుగునా సాగుతాయో మీకు చెప్పక్కర్లేదు. సాహిత్యం అచ్చేసేటప్పుడు వాటికి దీర్ఘం పెట్టం కదా.

చెవిలో పువ్వు:
పెట్టం. కానీ త్యాగయ్యగారు తెలుగులో పిలిచినప్పుడు 'రామా' అని దీర్ఘం పెట్టే పిలిచారు, అవసరమైనచోట 'రామ' అన్నారు. ఆయనకి రెండూ చెల్లాయి. మీ రూలుకే ఒకటి చెల్లుతోంది.

లఘువు:
ఒక్క నిమిషం. ఇది ఎవరూ గమనించలేదా? జై గురు, భగణం. దేవ ఓం, రగణం. భ, ర! ఉత్పలమాల ఎత్తుగడ!! 'ఇమ్మనుజేశ్వరా' ఎలా మొదలవుతుందో అచ్చం అలాగే. వకారానికి దీర్ఘం ఇస్తే మగణమై పద్యం చచ్చిపోతుంది. హ్రస్వమే. కేసు క్లోజ్.

కాజా కాకినాడ:
ఆరక్షరాలకే పద్యమా? అలా అయితే మా వీధిలో ఉల్లిపాయల బండివాడి కేక కూడా ఏదో ఒక గణానికి దొరుకుతుంది.

శకటరేఫం:
లఘువుగారి ఉత్సాహం ముచ్చటగా ఉంది. కానీ వకారం మీద అకారం ఉంది, ఎదురుగా 'ఓం' ఉంది. 'ఓమాఙోశ్చ' అని పాణిని సూత్రం. పరరూపం, అంటే ముందున్న అకారం వెనకొచ్చే 'ఓం'లో కలిసిపోతుంది. శివాయ, ఓం కలిస్తే శివాయోం అయినట్టు 'గురుదేవోం' కావాలి. సంస్కృతమే అని నేనే అన్నాను కాబట్టి నా మాట మీదే నిలబడతాను. అప్పుడు రగణం పోయి రెండు గురువులు మిగులుతాయి. దీర్ఘం వల్ల కాదు, సంధి వల్ల పోతుంది మీ ఉత్పలమాల.

లఘువు:
మాస్టారూ, తెలుగు పద్యంలో వాడితే తెలుగు సంధి. యడాగమం వేసుకుంటాను, 'దేవ యోమ్'. ఇదిగో, బస్సులో కూర్చుని కట్టాను:

ఆగని వానయై పలుకు హాయిగ కాగిత పాత్ర నిండగన్
జై గురుదేవ యోమనుచు జానుడు పాడెను రేడియోలలో

ప్రాస గకారం, యతి ఆ-హా, జై-జా. తప్పు పట్టండి చూద్దాం.

శకటరేఫం:
'కాగిత పాత్ర'. వైరిసమాసం. కాగితం పారసీకం నుంచి వచ్చింది, పాత్ర తత్సమం. తలకీ మొలకీ కుదరని జంట.

లఘువు:
ఆయన పాడింది పేపర్ కప్పు! దానికి తత్సమం ఎక్కడ తెమ్మంటారు?

డబ్లిన్ డప్పు:
'దొప్ప' అనొచ్చుగా, కాగితపు దొప్ప. వాన దొప్పలో పడుతుంటే ఆ చప్పుడే వేరు. గిన్నెలో పడ్డట్టు ఉండదు.

లఘువు:
దొప్ప అంటే ఆకు. కాగితంతో చేస్తే దొప్ప ఎలా అవుతుంది?

డబ్లిన్ డప్పు:
పెళ్లిళ్లలో ఇప్పుడు పులిహోర పెట్టేవి ఏంటి మరి? వాటిని మా అత్తయ్య దొప్పలనే అంటుంది.

చెవిలో పువ్వు:
'జానుడు' బాగుంది, నవ్వుకున్నాను. పాట పేరు తెలుగులో ఏమంటారు అసలు? 'విశ్వమంతటా' అని ఎవరో రాయగా చూశాను, పేలవంగా ఉంది. 'అక్రాస్'లో ఒక దాటిపోవడం ఉంది కదా. మాటలు జారి జారి విశ్వం పొడుగునా వెళ్లిపోతాయి అంటాడు.

శకటరేఫం:
అమ్మా, ఆ మాట పోతన ఎప్పుడో ఇచ్చాడు. 'పెంజీకటి కవ్వల'. లోకాలూ లోకేశులూ లోకస్థులూ అన్నీ తెగిపోయిన చోట, అలోకమైన ఆ పెనుచీకటికి అవ్వల ఎవడు ఏకాకృతిగా వెలుగుతాడో. 'అవ్వల' అనే మూడక్షరాల్లో ఎంత దూరం ఉందో చూడండి. 'ఆవల' అంటే ఏటి అవతలి గట్టు కనిపిస్తుంది. 'అవ్వల' అంటే గట్టే కనిపించదు. ఆ ద్విత్వం దగ్గర గొంతు ఒక్క క్షణం ఆగుతుంది, ఆ ఆగడంలోనే విశ్వం ఉంది. మా నాన్నగారు ఈ కందం చదువుతూ అక్కడ కావాలని ఊపిరి బిగబట్టేవారు. మేం పిల్లలం, ఆయన మళ్లీ మొదలుపెట్టేదాకా ఆయన నోరే చూస్తూ కూర్చునేవాళ్లం. 'విశ్వానికవ్వల' అనండి, అంతకు మించి లేదు.

కాజా కాకినాడ:
అర్థం తారుమారు మాస్టారూ. అవ్వల అంటే దాటి ఆ పక్క. 'అక్రాస్' అంటే ఇక్కడ ఈ కొస నుంచి ఆ కొసకి, లోపలే. లెనన్ మాటలు విశ్వంలోనే తిరుగుతున్నాయి, దాటలేదు. నాసావాళ్లు 2008 ఫిబ్రవరి 4న, రికార్డింగ్ మొదలైన రోజుకి సరిగ్గా నలభై ఏళ్లకి, ఈ పాటని ధ్రువ నక్షత్రం వైపు పంపారు. అది ఇంకా దారిలోనే ఉంటుంది. పోతన చెప్పిన చీకటి దాకా ఎప్పుడు వెళ్తుంది?

శకటరేఫం:
వెళ్లనివ్వండి. తొందరేముంది?

చెవిలో పువ్వు:
నాకు పోతన 'అవ్వల' కంటే 'ఎవ్వనిచే జనించు'లో 'లోపల నుండు లీనమై' ఈ పాటకు దగ్గరగా ఉంది. అదీ ఉత్పలమాలే, లఘువుగారికి సంతోషం.

డబ్లిన్ డప్పు:
మీరంతా అర్థం ఉన్న మాటల దగ్గర కొట్టుకుంటున్నారు. నా టాప్ వన్ 'విస్కీ ఇన్ ద జార్', థిన్ లిజ్జీ, 1972. పాత ఐరిష్ జానపదం, దొంగ కథ. 'మూషా రింగ్ దమ్మా' అని పల్లవి. ఇక్కడ ఆఫీసులో అర్థం అడిగితే ఒక్కరూ చెప్పరు, అందరూ పాడతారు. 'మూషా' మాత్రం ఐరిష్ మాటే, మనం 'అబ్బ, సరేలే' అన్నట్టు. మిగతాదంతా నోటి డప్పు. మనకి అన్నమయ్య 'తందనాన' ఉండగా ఈ పాట తెలుగులో రాయడానికి ఏం కష్టం? పల్లవికి పల్లవి సరిపోతుంది.

కాజా కాకినాడ:
తందనాన వెనక బ్రహ్మమొక్కటే ఉంది. నీ దాని వెనక విస్కీ ఉంది.

డబ్లిన్ డప్పు:
రెండూ తలకెక్కేవే.

లఘువు:
మంత్రం సరిగ్గా పలికింది కావాలంటే బీటిల్స్‌లోనే ఉన్న జార్జ్ హారిసన్ దగ్గరికి వెళ్లాలి. 1970 'మై స్వీట్ లార్డ్'లో వెనక బృందం 'గురుర్బ్రహ్మా' శ్లోకం పాడుతుంది, రేఫం వదలకుండా. ఆ పాట 1971 జనవరిలో బ్రిటన్‌లో నంబర్ వన్. 1996లో కూలా షేకర్ బ్యాండ్ 'గోవింద' అని మొత్తం సంస్కృతంలోనే పాడి అక్కడి టాప్ టెన్‌లోకి ఎక్కింది. అరసున్నగారి లిస్టులో ఈ రెండూ లేవా?

అరసున్న:
'మై స్వీట్ లార్డ్' ఏడు. కూలా షేకర్ సంగతి మర్చిపోయాను, పది మారుస్తాను. కానీ నా దీర్ఘం...

కాజా కాకినాడ:
గాయకుడు డేవిడ్ బౌవీ పద్ధతి మంచిది. 1975లో ఈ పాటని లెనన్‌నే పక్కన గిటార్‌కి పెట్టుకుని పాడాడు. గురుదేవుడి లైను మొత్తం ఎత్తేశాడు. హ్రస్వమూ లేదు, దీర్ఘమూ లేదు.

చెవిలో పువ్వు:
అందుకే ఆ ప్రతి నాకు ఉప్పు లేని పప్పులా ఉంటుంది.

శకటరేఫం:
ఒకటి మిగిలిపోయింది. ఓంకారం మొదట ఉండాలి గదా, చివర ఎందుకు? మనువు ఆద్యంతాలు రెండు చోట్లా ప్రణవం చెప్పమన్నాడు, ఆ లెక్కన సగం చెల్లుతుంది. మొదటి ఓం ఎక్కడ పోయిందో మీలో పాట తెలిసినవాళ్లు చెప్పాలి.

లఘువు:
మొదట పెడితే 'ఓం జై గురు'. ఓం గురువు, జై గురువు... భగణం పోతుంది మాస్టారూ. ఆయనకి తెలిసే వెనక్కి పెట్టాడు.

కాజా కాకినాడ:
లివర్‌పూల్‌లో ఛందస్సు ట్యూషన్ ఉండేదన్నమాట.

లఘువు:
నవ్వండి. మిగతా రెండు పాదాలు ఎవరైనా పూరిస్తారా? ప్రాస గకారం, ముందు దీర్ఘం. 'రాగము', 'భోగము' వద్దు, అవి అందరూ వాడేస్తారు.

డబ్లిన్ డప్పు:
'మూగ'తో మొదలుపెట్టండి. 'మూగిన' కూడా ఉంది, ఈగలు మూగిన.

శకటరేఫం:
'మ్రోగెడు' చూడండి. గిటారు మ్రోగుతుంది కదా. సంయుక్తం పాదం మొదట ఉన్నా ఇబ్బంది లేదు. రేపు సాయంత్రానికి ఒక పాదం ఇస్తాను, కాగిత పాత్ర మారిస్తేనే.

అరసున్న:
అందరికీ దండాలు. పందెం గడువు నిన్న రాత్రే అయిపోయింది. పాటని నాలుగో స్థానానికి దింపి, పక్కన 'జై గురుదేవ ఓం' అని హ్రస్వంతోనే పెట్టేశాను, మాస్టారి మాట మీద. పొద్దున్న మా ఆవిడ ఫోన్ చూసి, "ఒక దీర్ఘం ఎగిరిపోయింది, చూసుకోలేదా?" అంది.

శకటరేఫం:
ఆవిడది ఏ జిల్లా?