వైజాగ్ ఎండల్లో పెంపుడు పందిని ఎలా చూసుకోవాలి?
అందరికీ నమస్కారం. మాది పెందుర్తి. పెరట్లో ఒక ఆడ పందిపిల్లను పెంచుకుంటున్నాం. పేరు పెట్టి పిలిస్తే పరుగెత్తుకొస్తుంది, గిన్నె చప్పుడును బట్టే తిండి వేళ కనిపెట్టేస్తుంది. ఇంత తెలివైన జీవిని నేను చూడలేదు.

టెన్షన్ అంతా ఎండల గురించే. పందులకు చెమట దాదాపు పట్టదు కదా, మన ఉక్కపోతకు మధ్యాహ్నం అయ్యేసరికి రొప్పుతోంది. నీడ, నీళ్ల తొట్టి ఉన్నాయి. బురద గుంట కూడా తవ్వాలా? దోమలు పెరిగి మెదడువాపు వస్తుందేమోనని పక్కింటి పిన్నిగారి భయం. పందుల నుంచి దోమల ద్వారా జపనీస్ మెదడువాపు సోకే మాట నిజమే, ఆవిడను తప్పుపట్టలేను.

మూతితో మొక్కలన్నీ పెళ్లగిస్తోంది. ముక్కుకు రింగు వేయడం నాకిష్టం లేదు, వేరే దారి ఉందా? స్వైన్ ఫీవర్ టీకా వేసి, గిట్టలు కత్తిరించే డాక్టరు సిటీలో ఎక్కడ దొరుకుతారు? పెంచిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.