సమస్య: గొట్టము పొడుగైన నురుగు కురుచ యగును

నిర్వాహకుడు: ఈ వారం పాదం విశాఖ ఎంవీపీ కాలనీలో మన సభ్యుడొకరి ఇంట్లో పుట్టింది. కెగరేటర్ (బీరు పీపాను చల్లగా ఉంచి ట్యాపుతో పోసే ఫ్రిజ్) ట్యాపు కింద గ్లాసు పెడితే ముప్పావు నురుగే. పీపా నుంచి ట్యాపుకు వచ్చే ఐదడుగుల గొట్టం తీసి పదడుగులది వేస్తే సర్దుకుందట. వినగానే ముచ్చటేసింది. ఇదే చివరి పాదంగా తేటగీతి పూరించండి.

గాజువాక మేష్టారు:
వేడి పెరుగ గ్యాసు నిలువ వీలు గాదు;
చలువ నాలుగు డిగ్రీల సరిగ నిలుప,
ఒత్తిడినిఁ దగ్గ నీయక యొడుపుగాను
గొట్టము పొడుగైన నురుగు కురుచ యగును.

సీతమ్మధార: మేష్టారూ, మూడో పాదం చాలా బాగుంది. నురుగు రాగానే అందరూ ముందు రెగ్యులేటర్ తిప్పి ఒత్తిడి తగ్గిస్తారు. దాంతో బీరులో కలిసి ఉండాల్సిన గ్యాసు గొట్టంలోనే విడిపోయి బుడగలు కడుతుంది, నురుగు ఇంకా పెరుగుతుంది. నాలుగు డిగ్రీల దగ్గర 12 పీఎస్‌ఐ ఒత్తిడి ఉండనివ్వాల్సిందే. కానీ మొదటి పాదంలో "గ్యా" ముందున్న "గ" గురువు కాదా? గణం పోయినట్టే!

గాజువాక మేష్టారు: పోలేదు బాబూ. "పెరుగ" వేరు, "గ్యాసు" వేరు, సమాసం లేదు. ఊది పలకం కాబట్టి లఘువే. ఉగాది సమస్యలో "మామిడి"కి "పచ్చడి"తో యతి వేసిన మీరా నా గురులఘువులు లెక్కపెట్టేది?

సీతమ్మధార: ఆ పచ్చడి గొడవ అప్పుడే తేలిపోయింది. ఇదిగో నా పూరణ:
లావు పైపు నూరడుగులు లాగినేమి?
అడ్డు తగులక బీరు తా నదరి దుముకు;
అయిదు మిల్లిమీటర్లలో నైన సన్న
గొట్టము పొడుగైన నురుగు కురుచ యగును.

నిర్వాహకుడు: "సన్న"ను మూడో పాదం చివర నిలిపి నా పాదానికి అతికించారే, భేష్! అసలు కిటుకూ అదే. లోపలి సందు 3/16 అంగుళం, అంటే 4.8 మిల్లీమీటర్ల లోపు ఉంటే, కెగ్గు (పీపా) దగ్గరున్న ఒత్తిడిని దారిలో రాపిడే తినేస్తుంది. ట్యాపు దగ్గరికి బీరు నెమ్మదిగా చేరుతుంది. గొట్టం లావైతే ఆ రాపిడి చాలదు.

గాజువాక మేష్టారు: నూరడుగులైతే లావు పైపూ కొంత అడ్డుకుంటుంది. అతిశయోక్తి కింద వదిలేస్తున్నా. "సన్న" మాత్రం నిజంగా బాగా పడింది.

భీమిలి: నాది ఒక్క పాదమే, మిగతావి రాత్రికి.
కుళాయి సగమె తెరచిన నురుగు కురియు

నిర్వాహకుడు: "కుళా" లగం (లఘువు, గురువు). తేటగీతి మొదట రావాల్సిన సూర్యగణం ఎలా అవుతుంది? "తెరచి సగమె ట్యాపు నురుగు తెచ్చుకొనకు" అంటే కుదురుతుంది. మాట మాత్రం నిజం, ట్యాపు ఒక్కసారిగా పూర్తిగా లాగాలి.

మధురవాడ: పద్యం రాదు, సందేహం ఉంది. మాది పదడుగుల సన్న గొట్టమే. అయినా మొదటి గ్లాసు నురుగు, రెండోది శుభ్రం. ఎందుకండీ?

సీతమ్మధార: మీ టవర్, అంటే ట్యాపు బిగించిన స్తంభం, వేడెక్కుతోందండీ. మన మే నెల ఉక్కలో ఫ్రిజ్ లోపల నాలుగు డిగ్రీలున్నా, పైన టవర్‌లో నిలిచిపోయిన బీరు వెచ్చబడుతుంది. లోపలి చల్లగాలిని పైకి పంపే చిన్న ఫ్యాను పెట్టండి. దీనికి గొట్టం పొడుగు పనిచేయదు, మేష్టారి మొదటి పాదమే మందు.

గాజువాక మేష్టారు: గణం పోయిన పాదమా, సీతమ్మధార గారూ?